గుడి నేల చెప్పే చరిత్ర

చిత్తూరు నుండి బెంగుళూరు పోయే రహదారి బంగారుపాళ్యం మీదుగా పోతుంది. ఆ మండలంలోనే మొగిలి అనే గ్రామం, అందులో పేరుపొందిన శివాలయం ఉన్నవి. ఆ చుట్టుపట్ల ఏ ఊరికి పోయినా ఒక పాత గుడి కనిపించక మానదు. బడిపిల్లలను వెంటబెట్టుకొని పోయిన ఉపాధ్యాయుడు “ఈ గుడి ఎంత పాతది?” అని ఊరివారిని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. “యుగాల నాటిది” అనేది ఒకటి. “చోళరాజులు కట్టించినారు” అనేది రెండవది. మొదటిది భక్తికి సంబంధించిన మాట. రెండవది చరిత్రకు సంబంధించిన మాట. కాని దానికి ఆధారమేమిటని అడిగితే చెప్పేవారు అరుదు.

గుడి వయస్సును ఎట్లు తెలుసుకోవలెను? ఇది కూడ విజ్ఞానశాస్త్రం పరిశీలించదగిన ప్రశ్నయే. వైద్యుడు రోగి నాడిని పట్టిచూచినట్లే పురావస్తు శాస్త్రజ్ఞుడు కట్టడాన్ని, దాని క్రింది నేలను పరీక్షిస్తాడు. ఈ పరీక్ష ఎట్లా సాగుతుందో తెలుసుకొనుటకు దక్షిణ రాయలసీమలో గుడిమల్లంకంటె మంచి ఉదాహరణ లేదు.

గుడిమల్లం ఎక్కడ ఉన్నది?

గుడిమల్లం సువర్ణముఖి నది ఒడ్డున, పాపానాయుడుపేట సమీపంలో ఉన్న చిన్న గ్రామం. చాలాకాలం చిత్తూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఏర్పేడు మండలంతోపాటు అందులో చేరినది. ఇక్కడి పరశురామేశ్వరాలయం 1954 నుండి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది.

దూరం నుండి చూచినవారికి ఇది దక్షిణాదిలో కనిపించే మధ్యయుగపు శివాలయాలలో ఒకటిగానే తోస్తుంది. దగ్గరకు పోయి చూచినవారికి మూడు వింతలు కనిపిస్తాయి. గర్భగుడి వెనుకవైపు చదరంగా ఉండక గుండ్రంగా తిరిగి ఉంటుంది. గర్భగుడి నేల ముందరి మండపం నేలకంటె పల్లంగా ఉంటుంది. లోపలి లింగం మరెక్కడా చూడని రూపంలో ఉంటుంది. ఈ మూడింటికీ కారణాలు వెదకుతూ పోతే గుడి చరిత్ర దానంతట అదే బయటపడుతుంది.

పైనున్న రాతికట్టడం

పరిశీలన ఎప్పుడూ కంటికి కనిపించే దానితో ప్రారంభించవలెను. ద్రావిడ శైలిలో కట్టిన విమానానికి శిల్పశాస్త్రం ఆరు అంగాలు చెబుతుంది. అడుగున ఉండే పీఠం అధిష్ఠానం, దానిపై గోడ, గోడలోని స్తంభాల భాగం పాదం, గోడపై చూరువలె ముందుకు వచ్చే భాగం ప్రస్తరం, దానిపై మెడవంటి భాగం గ్రీవం, ఆ మీద శిఖరం, కొనన స్తూపి. ఈ ఆరింటినీ కలిపి షడ్వర్గాలు అంటారు. అధిష్ఠానంలోని పట్టెల వరుస, గోడస్తంభాల తలకట్టు, వాటిపై బోదెల ఆకారం శతాబ్దానికి శతాబ్దానికి కొద్దికొద్దిగా మారుతూ వచ్చినవి. కాలం తెలిసిన గుడులలోని ఈ భాగాలతో పోల్చి, కాలం తెలియని గుడిని నిపుణులు అంచనా కడతారు.

గుడిమల్లం విమానాన్ని గజపృష్ఠ విమానం అంటారు. అనగా పడుకొన్న ఏనుగు వీపువలె ఉండేది. దాని నేలపటం గీయుట సులభం. ఒక దీర్ఘచతురస్రం గీచి, దాని ఒక కురుచ భుజం మీద అర్ధవృత్తం గీస్తే చాలును. నేలమీద గీయుటకు ఒక మేకు, ఒక త్రాడు సరిపోతాయి. కాని రాతితో కట్టుట అంత సులభం కాదు. చదరపు గోడకు రాళ్లన్నీ ఒకే తీరుగా చెక్కవచ్చును. వంపు గోడలోని ప్రతి రాతికీ బయటిముఖం వంపు తిరిగి ఉండవలెను. ప్రక్క అంచులు కేంద్రం వైపు వాలి ఉండవలెను. ఇంత శ్రమ పడి ఈ ఆకారాన్నే ఎందుకు ఎన్నుకొన్నారు? ఈ ప్రశ్నకు సమాధానం నేల క్రింద ఉన్నది. దానిని తరువాత చూతము.

శాసనాల సాక్ష్యం

రాతిమీద చెక్కిన శాసనం కట్టడపు శైలికంటె బలమైన సాక్ష్యం. శాసనాన్ని చదువుటకు ముందు దాని అచ్చు తీస్తారు. రాతిని శుభ్రంచేసి, దానిపై తడిపిన కాగితం పరచి, గట్టి కుంచెతో కొట్టితే కాగితం అక్షరాల గుంటలలోనికి దిగుతుంది. ఆపైన సిరా అద్దిన మెత్తతో ఒత్తితే రాతి ఉపరితలం నల్లగాను, అక్షరాలు తెల్లగాను తేలుతాయి. రాతికి ఏ హానీ కలుగదు.

గుడిమల్లంలో దొరికిన శాసనాలలో బాణరాజుల శాసనాలు ముఖ్యమైనవి. బాణులు పల్లవులకు సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలినవారు. తమిళంలో ఉన్న ఈ శాసనాలను వి. వెంకయ్య పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 11వ సంపుటంలో ప్రకటించినారు. వీటిలో 9వ శతాబ్దపు పల్లవరాజుల పేర్లు కనిపిస్తాయి. ఆ తరువాత కాలపు శాసనం ఒకటి విక్రమచోళుని 9వ పాలనా సంవత్సరానికి చెందినది. ఈ చోళరాజు పాలన 1118లో ప్రారంభమైనది. మొదటి సంవత్సరం 1118 అయితే తొమ్మిదవది 1126 అవుతుంది. ఇప్పుడు కనిపించే రాతికట్టడం ఈ కాలంలో పునర్నిర్మింపబడినదని పండితుల అభిప్రాయం.

ఇక్కడ ఒక చిన్న తర్కం ఉన్నది. రాతిగుడి 12వ శతాబ్దానిది. కాని గుడికి దానాలిచ్చిన శాసనాలు 9వ శతాబ్దం నుండి ఉన్నవి. కావున రాతిగుడికి ముందు అక్కడ వేరొక గుడి ఉండి తీరవలెను. శాసనాలు భూమి, ధనం, ఆవులు ఇచ్చిన దాతలను పేర్కొంటాయి. గుడిని మొదట కట్టినవారిని పేర్కొనవు. దానశాసనం గుడి పుట్టినతేదీని చెప్పదు. ఆ తేదీనాటికి గుడి ఉన్నదని మాత్రమే చెబుతుంది. “చోళరాజులు కట్టించినారు” అనే మాటకు ఇదే పరిమితి.

లింగం రూపం

గర్భగుడిలోని లింగం సుమారు 5 అడుగుల ఎత్తు ఉన్నది. ముదురు గోధుమరంగు గట్టిరాతిని నున్నగా మెరుగుపెట్టి చేసినది. దాని ముందుభాగాన నిలువెత్తు శివుని రూపం చెక్కబడి ఉన్నది. ఈ శివునికి నాలుగు చేతులు లేవు, రెండే ఉన్నవి. కుడిచేత పొట్టేలును, ఎడమచేత చిన్న పాత్రను పట్టుకొని, ఎడమ భుజంపై గండ్రగొడ్డలి ఆనించుకొని, ఒక మరుగుజ్జు భుజాలపై నిలిచియున్నాడు. జందెం లేదు. తరువాతి కాలపు శివలింగాలకు ఉండే పానవట్టం కూడ లేదు. లింగం నేలలోనే నాటబడి ఉన్నది.

దీని ప్రాముఖ్యాన్ని మొదట గుర్తించి లోకానికి తెలిపినవారు టి. ఎ. గోపీనాథరావు. 1914–16 సంవత్సరాలలో వెలువడిన తమ హిందూ విగ్రహశాస్త్ర గ్రంథంలో ఆయన దీనిని వివరించినారు. ఈ శివుని బలిష్ఠమైన శరీరం, పలుచని వస్త్రం, నగలు భార్హుత్ మొదలైన చోట్ల ఉన్న యక్షుల శిల్పాలను పోలియున్నవని గమనించి, ఇది క్రీస్తుపూర్వపు కాలానిదని నిర్ణయించినారు. నేడు పెక్కుమంది పండితులు దీనిని క్రీ.పూ. 2–1 శతాబ్దాలలో ఉంచుతారు. తరువాతి కాలానిదని వాదించినవారు కూడ లేకపోలేదు. పోలికమీద మాత్రమే ఆధారపడినప్పుడు ఇటువంటి భేదాలు తప్పవు. అందుచేతనే నేలను అడుగవలసి వచ్చినది.

పొరల సూత్రం

1973లో భారత పురావస్తు శాఖ పక్షాన ఇంగువ కార్తికేయశర్మ గర్భగుడిలో త్రవ్వకాలు సాగించినారు. వాటి ఫలితాలను గ్రహించుటకు ముందు త్రవ్వకాలకు మూలమైన సూత్రాన్ని తెలుసుకొనవలెను.

చెరువులో ఏటేటా వండ్రు చేరినట్లే, మనుష్యులు మసలేచోట కాలక్రమాన మన్ను, బూడిద, పెంకులు, విరిగిన ఇటుకలు పొరలు పొరలుగా చేరుతాయి. ఎవరూ కదలించనంతవరకు క్రిందిపొర పాతది, పైపొర క్రొత్తది. ఇది భూగర్భశాస్త్రం నుండి పురావస్తుశాస్త్రం తెచ్చుకొన్న సూత్రం.

ఇందులో ఒక మెలకువ ఉన్నది. తరువాతి కాలంవారు గుంట త్రవ్వితే క్రొత్తవస్తువు పాతపొరలోనికి దిగిపోతుంది. అందుచేత నిపుణుడు వస్తువు ఎంత లోతున దొరికినదని మాత్రమే చూడడు; ఏ పొరలో దొరికినది, ఆ పొర తెగిపోకుండ ఉన్నదా అని చూస్తాడు. గుంట గోడను నిలువుగా చెక్కి, మట్టిరంగు, గట్టిదనం మారినచోటనెల్ల గీతలు గీచి పటం తయారుచేస్తాడు.

రెండవ సూత్రం మన ఇండ్లలోనే పరీక్షింపదగినది. ఒక ఇంటి సిమెంటు గచ్చును పగులగొట్టగా దాని క్రింద 1985లో ముద్రించిన నాణెం దొరికినదనుకొందము. ఆ గచ్చు 1985కు ముందు వేసినది కాజాలదు. తరువాత ఎప్పుడైనా వేసి ఉండవచ్చును. ఈ విధంగా ప్రతి వస్తువూ దానిపై కప్పిన పొరకు ఒక హద్దు ఏర్పరుస్తుంది.

నేల క్రింద ఏమి కనిపించినది?

గర్భగుడి నేల క్రింద లింగం చుట్టూ చదరపు రాతికంచె బయటపడినది. నిలువు స్తంభాలు, వాటి నడుమ దూర్చిన అడ్డకమ్ములు గల ఈ కంచె బౌద్ధస్తూపాల చుట్టూ కనిపించే కంచెల తీరులోనే ఉన్నది. అనగా మొదట లింగంపై కప్పు లేదు. బయలులో నిలిచిన లింగం, దాని చుట్టూ కంచె, అంతే ఆనాటి గుడి. మథురలో దొరికిన ఒక ప్రాచీన శిల్పఫలకంలో చెట్టుక్రింద నిలిచిన లింగాన్ని పూజించే దృశ్యం ఉన్నది. రావిచెట్టు క్రింద నాగప్రతిష్ఠలకు పూజచేసే మన పల్లెలవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

రెండవ దశలో ఇటుకల కట్టడం వచ్చినది. దాని వెనుకభాగం అర్ధవృత్తాకారంలో ఉన్నది. ఇటుకలు సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల మందం గలవి. నేటి ప్రమాణపు ఇటుక 19, 9, 9 సెంటీమీటర్ల కొలతలు గలది. విద్యార్థులు ఘనపరిమాణాలు కట్టి చూడవచ్చును. పాత ఇటుక 5,292 ఘన సెంటీమీటర్లు, క్రొత్త ఇటుక 1,539 ఘన సెంటీమీటర్లు; పాతది సుమారు మూడున్నర రెట్లు పెద్దది. అయినా మందం తక్కువ. మందమైన పచ్చి ఇటుక లోపల ఆరక, కాల్చినప్పుడు పగులుతుంది. పలుచని ఇటుక లోపలిదాకా సమంగా కాలుతుంది. పొడవు వెడల్పునకు రెట్టింపు ఉండుటచేత ఒక వరుస నిలువుగాను, మరొక వరుస అడ్డముగాను పేర్చి గోడకు బిగి తేవచ్చును. ఇటువంటి పెద్ద ఇటుకలు సాతవాహనుల కాలపు కట్టడాలకు గుర్తు.

ఇటుకలతోపాటు నలుపు-ఎరుపు కుండపెంకులు దొరికినవి. ఈ కుండల లోపలిభాగం, అంచు నల్లగాను, వెలుపలిభాగం ఎర్రగాను ఉంటాయి. కుండను బోర్లించి కాల్చితే లోపల గాలి ఆడక నలుపు పట్టుతుందని, వెలుపల గాలి తగిలి మట్టిలోని ఇనుము ఎర్రని ఆక్సైడుగా మారుతుందని వివరిస్తారు. దక్షిణ భారతంలో ఇవి క్రీస్తుశకారంభపు శతాబ్దాలదాకా వాడుకలో ఉండెను. ఇటుకలు, పెంకులు కలిసి ఈ రెండవ దశను క్రీ.శ. 1–2 శతాబ్దాలలో ఉంచుతాయి. ఇటుకకట్టడం కంచె తరువాతిది కావున కంచె, లింగం అంతకంటె ముందువి. శిల్పపు పోలికను బట్టి గోపీనాథరావు చెప్పినదానికి నేల ఈ విధంగా మద్దతు పలికినది.

లింగం రాయి. రాతి వయస్సును కర్బన పరీక్షచేత తెలుసుకొనలేము. ఆ పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న బొగ్గు, ఎముక, గింజ వంటివాటికే పనికివస్తుంది. ఒకవేళ రాతి వయస్సు తెలిసినా అది కొండ వయస్సే గాని శిల్పి ఉలి పట్టిన రోజు కాదు. అందుచేత రాతి విగ్రహానికి దాని చుట్టూ ఉన్న మట్టియే సాక్షి.

వింతలకు సమాధానాలు

చోళులు రాతిలో వంపుగోడ ఎందుకు కట్టినారను ప్రశ్నకు ఇప్పుడు సమాధానం దొరుకుతుంది. వారి గుడి అడుగున అదే ఆకారంలో ఇటుకగుడి ఉన్నది. పాత ఆకారాన్ని విడువక క్రొత్తగుడిని కట్టినారని ఊహించుట సమంజసం. అయితే వంపును చూచిన వెంటనే “దీని క్రింద సాతవాహనుల గుడి ఉన్నది” అని చెప్పరాదు. 1960 వరకు చిత్తూరు జిల్లాలోనే ఉండిన తిరుత్తణిలో పల్లవ అపరాజితుని కాలపు వీరట్టానేశ్వరాలయం కూడ గజపృష్ఠమే. ఆకారం ప్రశ్నను లేవదీస్తుంది. సమాధానం చెప్పవలసినది త్రవ్వకం.

గర్భగుడి పల్లంగా ఉండుటకు కూడ కారణం కనిపిస్తుంది. కట్టినప్పుడెల్ల చుట్టుప్రక్కల నేల ఎత్తు పెరిగినది. లింగాన్ని మాత్రం ఎవరూ కదలించలేదు. కావున నేటి భక్తుడు మండపం నుండి గర్భగుడిలోనికి దిగునప్పుడు కొన్ని శతాబ్దాల క్రిందికి దిగుతున్నాడని చెప్పవచ్చును.

ఇంగ్లండులోని ఒక చర్చి

ఈ పద్ధతి మన దేశానికి, మన మతాలకు మాత్రమే పరిమితం కాదు. ఇంగ్లండులో మధ్యయుగపు పల్లెలలో చాలావాటికి ఒక చర్చి ఉండేది. యార్క్‌షైరులోని వారమ్ పెర్సీ అనే గ్రామం క్రమంగా ఖాళీ అయి, 1500 ప్రాంతానికి పాడుపడినది. అక్కడ 1950 నుండి 1990 వరకు ఏటేటా త్రవ్వకాలు జరిగినవి. సెయింట్ మార్టిన్ చర్చి నేల క్రింద మొదట చిన్న కొయ్యచర్చి, దానిపై రాతిచర్చి ఆనవాళ్లు కనిపించినవి. గ్రామం పెరిగిన కాలంలో ప్రక్కలకు నడవలు కట్టినారు. జనం తగ్గిన తరువాత ఆ నడవలను తీసివేసి, తెరచియున్న కమానులను రాళ్లతో మూసివేసినారు. మూసిన కమానులు నేటికీ గోడలో కనిపిస్తాయి. ఏ గ్రంథంలోను వ్రాయని ఆ పల్లె ఎదుగుదల, క్షీణత చర్చిగోడలో నిలిచియున్నవి. గుడి గాని, చర్చి గాని, మసీదు గాని, అది ఉన్న ఊరి చరిత్రను దాచిన పెట్టె.

ఆ పెట్టెను ఎవరు తెరువవలెను?

నేడు అనేక గ్రామాలలో జీర్ణోద్ధరణ జరుగుతున్నది. చందాలు పోగుచేసి తమ గుడిని బాగుచేసికొనుట ఊరివారి హక్కు. అది మంచిపని కూడ. గుడిమల్లంలో ఇటుకగుడిపై రాతిగుడి కట్టినవారు చేసినదీ జీర్ణోద్ధరణమే. కాని నాటి పద్ధతికి, నేటి పద్ధతికి ఒక భేదం ఉన్నది. పూర్వులు పాతదానిపై క్రొత్తది కట్టినారు. పాతది అడుగున మిగిలినది. నేడు యంత్రంతో పునాదిదాకా పెకలించి, మట్టిని లారీలలో తరలిస్తే అడుగున మిగిలేది ఏమీ ఉండదు. గాలి ఒత్తిడితో ఇసుకను చిమ్మి గోడలు కడిగితే శాసనాక్షరాల అంచులు అరిగిపోతాయి. శాసనం ఉన్న పలకను తిరగవేసి గచ్చులో పరచితే అది ఉండీ లేనట్లే. గ్రంథం కాలిపోతే మరొక ప్రతి దొరకవచ్చును. నేలపొరలకు రెండవ ప్రతి లేదు.

అట్లని విద్యార్థులు గునపాలు పట్టి త్రవ్వరాదు. నిపుణుడు చేసిన త్రవ్వకం కూడ తాను చదివిన పొరను చదువుతూనే చెరిపివేస్తుంది. అందుచేతనే అతడు ప్రతి అంగుళాన్నీ పటంలో ఎక్కిస్తాడు. రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపల క్రొత్త కట్టడాలు కూడదని 2010లో సవరించిన చట్టం చెబుతుంది. నేలలో నిధి దొరికితే కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టం విధిస్తున్నది.

త్రవ్వకుండ చేయదగిన పని చాలా ఉన్నది. ఒక కొలత టేపు, చతురపు గళ్ల కాగితం, పెన్సిలు ఉంటే ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ ఊరిగుడి నేలపటం గీయగలరు. గర్భగుడి నేల, మండపం నేల ఎత్తులలో భేదమున్నదా, గోడలో రెండు రకాల రాళ్లు లేక ఇటుకలు కలిసియున్నవా, స్తంభాలన్నీ ఒకే తీరువా, అక్షరాలున్న రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నవి అని గుర్తించగలరు. మరమ్మతు ప్రారంభం కాకముందే ప్రతి గోడకూ ఫోటోలు తీయించి, తేదీ వేసి బడిలో భద్రపరచవచ్చును. అక్షరాలున్న రాయి కనిపిస్తే దానికి సున్నం కొట్టనీయక, పురావస్తు శాఖవారికి ఒక ఉత్తరం వ్రాయవచ్చును.

గుడిమల్లంలో రెండువేల ఏండ్ల చరిత్ర మనకు దక్కుటకు కారణం ఒక్కటే. లింగాన్ని, దాని పాదాల వద్ద ఉన్న మట్టిని తరతరాలవారు కదలించకుండ విడిచిపెట్టినారు. మొగిలిలోను, బంగారుపాళ్యం చుట్టుపట్ల పల్లెలలోను ఉన్న గుడుల అడుగున ఏమున్నదో రేపటి విద్యార్థి తెలుసుకొనగోరవచ్చును. అతడు వచ్చి అడిగేనాటికి చెప్పుటకు ఆ నేల మిగిలి ఉండవలెను.